పాటలను పట్టుకున్న పోలీసు అధికారి: ఫ్రాన్సిస్ ఓనీల్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి పంపమని కార్యదర్శిగారు కోరినప్పుడు, మన దేశపు పెద్దల గురించి రాసేవారు ఎలాగూ ఉంటారు కనుక, మనలో చాలామంది పేరైనా విని ఉండని ఒక పరదేశపు పెన్షనరు గురించి రాద్దామనిపించింది. ఆయన పేరు ఫ్రాన్సిస్ ఓనీల్. పుట్టింది ఐర్లండులో. ఉద్యోగం చేసింది అమెరికాలోని చికాగో నగర పోలీసు శాఖలో. అట్టడుగు మెట్టు మీద చేరి, ఆ శాఖకు అధిపతి అయి, 32 సంవత్సరాల సర్వీసు తరువాత 1905లో పదవీ విరమణ చేశాడు. అయితే ఈనాడు ప్రపంచం ఆయనను గుర్తు పెట్టుకున్నది పోలీసు అధిపతిగా కాదు. ఐర్లండు పల్లెటూళ్ల వాద్య సంగీతం నశించిపోకుండా కాపాడినవాడుగా గుర్తు పెట్టుకున్నది.

నేను కూడా పోలీసు కార్యాలయంలో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరైనవాణ్ణి. మా పెద్దమ్మాయి కాపురం చికాగో దగ్గర. అక్కడ ఉన్న ఆరు నెలలూ కాలక్షేపానికి గ్రంథాలయంలో పుస్తకాలు తిరగేస్తుంటే ఈయన సంగతి తెలిసింది. లాఠీ పట్టిన చేతితోనే వేణువు పట్టిన మనిషి అని చదవగానే వదలబుద్ధి కాలేదు.

కరువులో పుట్టిన బిడ్డ

ఓనీల్ 1848 ఆగస్టు 28న ఐర్లండు దక్షిణ భాగంలో, కార్క్ జిల్లాలోని బాంట్రీ పట్టణం దగ్గర ట్రాలిబేన్ అనే పల్లెలో పుట్టాడు. ఏడుగురు సంతానంలో ఆఖరివాడు. అది మహా కరువు కాలం. 1845 నుంచి వరసగా ఆలుగడ్డ పంటకు తెగులు సోకి, దాని మీదే బతికే పేద జనం సుమారు పది లక్షలమంది ఆకలికీ జబ్బులకూ బలి అయ్యారు. అంతకు మించిన సంఖ్యలో ఓడలెక్కి దేశం విడిచారు. ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. మనుషులతోపాటే వాళ్ల నోళ్లలో, చేతుల్లో ఉన్న పాటలూ వాద్యపు బాణీలూ కూడా పోతూ వచ్చాయి. ఈ సంగతి గుర్తుంచుకుంటేగాని ఓనీల్ చేసిన పని విలువ మనకు అర్థం కాదు.

అతని కుటుంబం కాస్త జరుగుబాటు ఉన్న రైతు కుటుంబం. తల్లి తరఫు తాతగారి ఇల్లు ఊరూరా తిరిగే వాద్యగాళ్లకు విడిదిగా ఉండేది. తల్లి పాత పాటలు పాడేది. పిల్లవాడికి విన్నది విన్నట్టు మనసులో నిలిచిపోయే శక్తి పుట్టుకతోనే వచ్చింది. ఊళ్లో ఉన్న ఒక పెద్ద రైతు దగ్గర వేణువు నేర్చుకున్నాడు. చదువులోనూ, ముఖ్యంగా లెక్కల్లోనూ గట్టివాడు కావడంతో తోటి పిల్లలు అతనికి వేదాంతి అని పేరు పెట్టారు. పద్నాలుగేళ్లకే చిన్న తరగతులకు పాఠాలు చెప్పేవాడు.

పెద్దలు అతన్ని మతసేవకు పంపుదామనుకున్నారు. అతనికి లోకం చూడాలని ఉంది. 1865లో, పదహారేళ్ల వయసులో, ఇల్లు విడిచి ఇంగ్లండు చేరి ఓడలో కుర్రపనివాడుగా చేరిపోయాడు.

ప్రాణం నిలిపిన వేణువు

అప్పటినుంచి నాలుగేళ్లు సముద్రాలే అతని ఇల్లు. 1866లో న్యూయార్కు వెళ్లే ఓడలో పనిచేస్తున్నప్పుడు అందులో ప్రయాణికురాలుగా వస్తున్న ఆనా రోజర్స్ అనే ఐరిష్ అమ్మాయితో పరిచయమయింది. ఆమే తరువాత భార్య అయింది.

1867లో అతను ఎక్కిన మిన్నెహాహా అనే ఓడ పసిఫిక్ మహాసముద్రం నడిబొడ్డున బేకర్ దీవి దగ్గర పగిలిపోయింది. చెట్టూ చేమా లేని ఆ దిబ్బ మీద ఓడ సిబ్బంది పదకొండు రోజులు గడిపారు. తరువాత హవాయి నావికులు నడిపే ఒక చిన్న ఓడ వచ్చి వారిని ఎక్కించుకుంది. హొనొలూలు చేరడానికి 34 రోజులు పట్టింది. అంతమందికి సరిపడా తిండి లేదు. పిడికెడు చొప్పున పంచుకోవలసి వచ్చింది. ఆ హవాయి నావికుల్లో ఒకని దగ్గర వేణువు ఉంది. ఓనీల్ దాన్ని అడిగి తీసుకుని తన ఊరి బాణీలు వాయించాడు. ఆ నావికుడు ముచ్చటపడి, తన తిండిలో అతనికి రోజూ భాగం పెట్టాడు. ఒడ్డు చేరాక, బయటపడినవారిలో ముగ్గురు తప్ప అందరినీ ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే, తన కాళ్ల మీద తాను నడిచి దిగిన ఆ ముగ్గురిలో ఓనీల్ ఒకడు. కళ కూడు పెడుతుందా అని మన ఇళ్లలో పిల్లలను అడుగుతుంటాం. ఓనీల్ విషయంలో కూడు పెట్టడమే కాదు, ప్రాణమే నిలిపింది.

ఆ తరువాత కాలిఫోర్నియా కొండల్లో అయిదు నెలలు గొర్రెలు కాశాడు. మిస్సోరీ రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో బడిపంతులుగా పనిచేశాడు. 1870 నవంబరులో ఆనాను పెళ్లి చేసుకున్నాడు. చికాగో చేరి, సరస్సుల మీద తిరిగే ఓడల్లోనూ, రైల్వే గూడ్సు యార్డులోనూ కూలిపని చేశాడు. చివరకు 1873 జూలైలో నగర పోలీసులో చేరాడు.

వెన్నులో తూటా

చేరిన కొద్ది వారాలకే ఒక దొంగను పట్టుకోబోతే వాడు తుపాకీ పేల్చాడు. తూటా వెన్నెముక దగ్గర దిగబడింది. తీయడం ప్రాణాపాయమని డాక్టర్లు అలాగే వదిలేశారు. ఆ తూటా మరో అరవై ఏళ్లకు పైగా, చనిపోయేదాకా, ఆయన ఒంట్లోనే ఉంది. ఆ రోజు చూపిన ధైర్యానికి పై మెట్టు దక్కింది.

1887లో సార్జంటు, 1890లో లెఫ్టినెంటు, 1894లో కెప్టెను, 1901 ఏప్రిల్ చివరలో నగర పోలీసు అధిపతి. ఆనాటి చికాగోలో రాజకీయ నాయకుల సిఫారసు లేనిదే ఆకు కదిలేది కాదు. అటువంటి చోట చదువూ పనితనమూ నమ్ముకుని పైకి వచ్చినవాడని ఆయనకు పేరుంది. 1894 నాటి పుల్‌మన్ రైల్వే సమ్మె, 1905 నాటి బండి తోలేవారి సమ్మె వంటి గడ్డు రోజులు ఆయన చూశాడు. 1901 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు మెకిన్లీ మీద కాల్పులు జరిగినప్పుడు, ఎమ్మా గోల్డ్‌మన్ అనే విప్లవవాదిని చికాగోలో అరెస్టు చేశారు. దేశమంతా ఆమె మీద మండిపడుతున్న సమయం. ఓనీల్ ఆమెను స్వయంగా విచారించి, ఆమెకు ఆ నేరంతో సంబంధం లేదన్న నమ్మకం కలిగాక మర్యాదగా చూశాడు. ఆధారాలు లేక ఆమెను విడిచిపెట్టారు. ఆమె తన ఆత్మకథలో ఆయన న్యాయబుద్ధిని మెచ్చుకుంది. పోలీసువారిని ఆమె మెచ్చుకోవడం అరుదు.

ఐరిష్ వాద్యాలు

ఇక ఆయన ప్రాణం పెట్టిన సంగీతానికి వద్దాం. మన పాఠకుల కోసం ఆ వాద్యాలను కొంచెం వివరించాలి.

అన్నిటిలోకి ఐర్లండు సొంతమైన వాద్యం తిత్తి సన్నాయి. దీన్ని ఇప్పుడు ఇలియన్ పైప్స్ అంటారు. ఐరిష్ భాషలో ఆ మాటకు మోచేయి అని అర్థం. మన వీధి భాగవతాల్లో శ్రుతి కోసం తిత్తి ఊదేవారు కదా, ఆ తిత్తి గుర్తు తెచ్చుకోండి. అయితే ఇందులో నోటితో ఊదే పని లేదు. కుడి మోచేతి కింద కొలిమి తిత్తి వంటి చిన్న తిత్తి కట్టుకుని దాన్ని ఆడిస్తూ ఉంటే, ఎడమ చంక కింది సంచిలో గాలి నిండుతుంది. ఆ సంచిని నొక్కుతూ, వేళ్లతో సన్నాయి గొట్టం మీద పాట పలికిస్తారు. మూడు గొట్టాలు ఆగకుండా శ్రుతి ఇస్తూ ఉంటాయి. ఇంకో మూడు గొట్టాలకు మీటలుంటాయి. వేళ్లు పాటలో ఉండగానే మణికట్టు అంచుతో ఆ మీటలు నొక్కి తోడు స్వరాలు పలికిస్తారు. అంటే ఒక్క మనిషే సన్నాయి, ఒత్తు, పక్కవాద్యం అన్నీ అన్నమాట. కూర్చుని వాయించవలసిందే. స్కాట్లండు సిపాయిలు నడుస్తూ ఊదే బ్యాగుపైపు గొంతు బిగ్గరగా ఉంటుంది. దీని గొంతు మెత్తన. నోటి తడి తగలదు కాబట్టి లోపలి రెల్లు పీకలు పొడిగా ఉండి, రెండు స్థాయిల వరకు పలుకుతుంది. దీన్ని నేర్వడానికి ఏళ్లు పడుతుంది. చేసేవారు కూడా బహు కొద్దిమంది. అందుకే అన్నిటికన్నా ముందు అంతరించే ప్రమాదం దీనికే వచ్చింది.

రెండవది వీణ జాతికి చెందిన హార్ప్. ఐర్లండు రాజముద్ర మీదా నాణేల మీదా ఉండేది ఇదే. పూర్వం లోహపు తీగలు కట్టి గోళ్లతో మీటేవారు. ప్రభువుల ఇళ్లలో దీనికి గొప్ప ఆదరణ ఉండేది. 1670లో పుట్టి 1738లో పోయిన టర్లో ఒకారొలాన్ అనే అంధ వైణికుడు గుర్రం మీద ఊరూరా తిరుగుతూ, ఆతిథ్యమిచ్చిన వారి పేర బాణీలు కట్టేవాడు. 1792లో బెల్‌ఫాస్టులో వైణికుల సభ జరిపితే ఐర్లండు మొత్తం మీద పదిమంది మాత్రమే వచ్చారు. అందులో చాలామంది వృద్ధులు, అంధులు. ఎడ్వర్డ్ బంటింగ్ అనే పందొమ్మిదేళ్ల కుర్రవాడు వారు వాయించినది రాసుకున్నాడు కనుక ఆ మాత్రమైనా మిగిలింది. ఆ పాత హార్ప్ సంప్రదాయం తరువాత తెగిపోయింది.

మూడవది ఫిడేలు. మన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వాయించిన వాద్యమే. మనవారు కింద కూర్చుని ఛాతీకీ పాదానికీ మధ్య ఆనించుకుంటారు. వారు కుర్చీలో కూర్చుని గడ్డం కిందో భుజం మీదో పెట్టుకుంటారు. ఈ వాద్యం మనకు తెల్లదొరల బ్యాండుల ద్వారా వచ్చింది. వాటిని విన్న ముత్తుస్వామి దీక్షితులవారు పాశ్చాత్య వరసలకు సంస్కృత సాహిత్యం రాశారు. వాటినే నొట్టు స్వర సాహిత్యాలంటారు. అందులో వందే మీనాక్షి అనేది రేక్స్ ఆఫ్ మాలో అనే ఐరిష్ వరస. మాలో అన్న ఊరు ఓనీల్ పుట్టిన కార్క్ జిల్లాలోనిదే. సంగీతానికి సముద్రాలు అడ్డం కావని దీన్నిబట్టి తెలుస్తోంది.

నాలుగవది వేణువు. ఇది వెదురుది కాదు, కొయ్యది. ఆరు రంధ్రాలు. 1847 ప్రాంతాల థియోబాల్డ్ బోమ్ అనే జర్మన్ నిపుణుడు మీటలున్న లోహపు వేణువు తయారుచేశాక, ఆర్కెస్ట్రాలవారు క్రమంగా అటు మళ్లారు. వారు విడిచిన పాత కొయ్య వేణువులు చవకగా అంగళ్లకు వచ్చి పల్లెవారి చేతికి చిక్కాయి. ఓనీల్ వాయించినది ఈ రకమే. ఇంకా చవక కావాలంటే రేకు ఈల ఉంది. పిల్లలు మొదట దాని మీదే నేర్చుకుంటారు. మన హార్మోనియంలాగా రేకు నాలుకలతో పలికే కన్సర్టీనా, అకార్డియన్ పందొమ్మిదో శతాబ్దంలో వచ్చి చేరాయి. మేకతోలు బిగించిన బౌరాన్ చూడటానికి మన డప్పు వంటిదే. చిన్న కొయ్య పుల్లతో వాయిస్తారు. ఇది కచేరీలలో బాగా వాడుకకు వచ్చింది 1960 తరువాతే.

ఈ వాద్యాల మీద పలికేవి ఎక్కువగా నాట్యానికి కట్టిన బాణీలు. మన లెక్కలో చెప్పాలంటే, జిగ్ అనేది తిశ్ర నడక, రీల్ చతురశ్ర నడక. ఒక్కొక్క బాణీలో రెండేసి భాగాలు, భాగానికి ఎనిమిది ఆవర్తాలు, ఒక్కొక్కటి రెండుసార్లు వాయించడం. చిన్నవే. కాని వేలకొద్దీ ఉన్నాయి. చాలావరకు ఎవరు కట్టారో తెలియదు. చాలామంది వాద్యగాళ్లకు స్వరం రాయడం తెలియదు. గురువు నుంచి శిష్యునికి చెవిన పడటమే. శిష్యుడు లేకపోతే ఆ బాణీ గురువుతోనే మట్టిలో కలిసిపోతుంది.

బాణీల వేట

కరువు నుంచి పారిపోయి వచ్చిన ఐరిష్ జనం చికాగోలో చాలామంది ఉండేవారు. పోలీసు శాఖలో వారిదే పెద్ద సంఖ్య. ఐర్లండులో ఒక జిల్లావాడికి ఇంకో జిల్లా బాణీ వినే అవకాశం ఉండేది కాదు. చికాగోలో అన్ని జిల్లాలవారూ పక్కపక్క వీధుల్లో చేరారు. ఓనీల్‌కు ఇది బంగారు గని అయింది. బీటు తిరుగుతూ ఎవరైనా ఈల వేస్తే ఆగి వినేవాడు. సారాయి అంగడిలో తిత్తి సన్నాయి వినిపిస్తే లోపలికి వెళ్లి వాయించేవాణ్ణి పరిచయం చేసుకునేవాడు. విన్నది మరిచిపోడు. ఒక్కటే లోటు. ఆయనకు స్వరం రాయడం రాదు.

ఆ లోటు తీర్చినవాడు జేమ్స్ ఓనీల్. ఇంటిపేరు ఒకటే గాని చుట్టరికం లేదు. ఉత్తర ఐర్లండు నుంచి వచ్చినవాడు. ఫిడేలు వాయిస్తాడు, స్వరం రాస్తాడు. తరువాత ఇతను కూడా పోలీసులో చేరి సార్జంటు అయ్యాడు. డ్యూటీ దిగాక ఫ్రాన్సిస్ అతని ఇంటికి వెళ్లి తల్లి పాడిన పాటలు, ఊళ్లో విన్న బాణీలు గుర్తు చేసుకుని కూనిరాగం తీసేవాడు, లేదా వేణువు మీద వాయించేవాడు. జేమ్స్ కాగితం మీద పెట్టి, ఫిడేలు మీద తిరిగి వినిపించేవాడు. సరిగా ఉందని ఇద్దరూ ఒప్పుకున్నాకే పుస్తకంలోకి ఎక్కేది. మొదట తన సొంత తృప్తికి మొదలుపెట్టినది, సంగతి పదిమందికీ తెలిసి మిత్రులు కూడా తమకు వచ్చినవి తెచ్చి ఇవ్వడంతో, ఇంతై అంతై అన్నట్టు పెరిగింది.

అందరూ సంతోషంగా ఇచ్చారనుకోకండి. తమ బాణీ ఇంకొకరి చేతిలో పడితే తమ విలువ తగ్గుతుందని దాచుకునేవారూ ఉన్నారు. మన విద్వాంసుల్లో కూడా ఈ గుణం ఎరుగుదుం. అటువంటివారి దగ్గర ఓనీల్ ఓపికగా కూర్చుని, వింటూ మనసులో పెట్టుకునేవాడు.

మంచి వాద్యగాడు కనబడితే పోలీసు ఉద్యోగం వేయించేవాడని ఆయన మీద చెప్పుకుంటారు. అది మరీ పెంచి చెప్పినదే అయినా, బార్నీ డెలానీ, జేమ్స్ ఎర్లీ, జాన్ ఎనిస్ వంటి తిత్తి సన్నాయి వాద్యగాళ్లు చికాగో పోలీసులో ఉన్నమాట నిజం. 1893లో చికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. వివేకానందస్వామి ప్రసంగించిన సర్వమత సభ ఆ సందర్భంగా జరిగినదే. ఆ ప్రదర్శనలో ఐరిష్ గ్రామం అని కట్టి, పాట్సీ టూహీ, టర్లో మెక్‌స్వీనీ అనే ప్రసిద్ధ వాద్యగాళ్లను పిలిపించారు. అప్పటికి ఓనీల్ లెఫ్టినెంటు. ఆ అవకాశాన్ని వదులుకోలేదు. మైనపు సిలిండర్ల మీద కూడా తన మిత్రుల వాద్యాన్ని పట్టి ఉంచాడు.

పుస్తకం, పుత్రశోకం

1903లో, పోలీసు అధిపతి పదవిలో ఉండగానే, ఆయన మొదటి సంపుటం అచ్చయింది. అందులో 1,850 బాణీలు. 625 పాట వరసలు, ఒకారొలాన్ రచనలు 75, జోడు జిగ్‌లు 415, స్లిప్ జిగ్‌లు 60, రీళ్లు 380, హార్న్‌పైపులు 225, పెద్ద నాట్యాలు 20, కవాతు పాటలు మొదలైనవి 50. ఐరిష్ సంగీతంలో అంత పెద్ద సంకలనం అంతకు ముందు అచ్చు కాలేదు. ఈ పనికి ప్రభుత్వ గ్రాంటు గాని విశ్వవిద్యాలయం తోడ్పాటు గాని లేవు. ఆయన సొంత ఖర్చుతో జరిగింది.

పుస్తకం చేతికి వచ్చిన సంతోషం ఏడాది నిలవలేదు. ఓనీల్ దంపతులకు పదిమంది పిల్లలు పుట్టారు. ఆ రోజుల్లో పట్టణాల్లో పిల్లల జబ్బులకు మందు లేదు. ఒక్కొక్కరే పోగా మగపిల్లల్లో రోజర్స్ ఒక్కడు మిగిలాడు. చదువులో చురుకైనవాడు, కాలేజీలో ఉన్నాడు. 1904లో పద్దెనిమిదేళ్ల వయసులో మెదడు పొరల వాపు వచ్చి అతనూ పోయాడు. అయిదుగురు కొడుకులు పోయి నలుగురు కూతుళ్లు మిగిలారు. తల్లి ఆనా ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు. ఆమె దుఃఖాన్ని గౌరవించి ఓనీల్ ఆనాటి నుంచి తన ఇంట్లో సంగీతం వినిపించనివ్వలేదు. ఒక జాతి సంగీతాన్నంతా పోగుచేసిన ఇంట్లో వేణువు మూగబోయింది. వాయించాలనిపిస్తే మిత్రుల ఇళ్లకు వెళ్లేవాడు.

ఇది చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. భార్య బాధ కోసం తనకు ప్రాణమైనదాన్ని గుమ్మం బయట విడిచిపెట్టాడు. అలాగని పనిని మానలేదు. ఆయన మీద నాకు గౌరవం పుస్తకాల వల్ల కలిగినదానికన్నా దీనివల్లనే ఎక్కువ కలిగింది.

విరమణ తరువాత ముప్పై ఏళ్లు

1905 జూలైలో పదవి వదిలేనాటికి ఆయనకు 57 ఏళ్లు నిండవచ్చాయి. ఒకప్పుడు మన ప్రభుత్వోద్యోగులు రిటైరయ్యే వయసుకు ఇంచుమించు అదే. తరువాత ముప్పై ఏళ్లు బతికాడు. ఆయన అసలు సర్వీసు అప్పుడే మొదలయిందనాలి.

1906లో భార్యతో కలిసి ఐర్లండు వెళ్లాడు. నలభై ఏళ్ల కిందట విడిచిన ఊరు. చిన్నప్పుడు విన్న వాద్యాలు మళ్లీ వింటానని ఆశ పడ్డాడు. తీరా చూస్తే పాత వాద్యగాళ్లు పోయారు. ఉన్నవాళ్లను పిలిచి వాయించమనేవారు లేరు. నాలుగు వీధుల కూడలిలో జరిగే నాట్యాలను మతగురువులు ఆపించారు. పుట్టినగడ్డ మీద కన్నా చికాగోలోనే ఆ సంగీతం ఎక్కువ బతికి ఉందని తెలిసి ఎంతో నొచ్చుకున్నాడు.

నొచ్చుకుని ఊరుకోలేదు. 1907లో 1,001 నాట్య బాణీలతో ఇంకో సంపుటం తెచ్చాడు. వాద్యగాళ్లు చంకలో పెట్టుకు తిరిగిన పుస్తకం అదే. 1908లో పియానో తోడుతో 250 బాణీలు, 1910లో తన సేకరణ కథ, 1913లో హార్ప్, తిత్తి సన్నాయి, ఫిడేలు, వేణువు వాద్యగాళ్ల జీవితాలతో ఒక బృహద్గ్రంథం, 1922లో మరో సంకలనం ప్రచురించాడు. 1913 నాటి పుస్తకం లేకపోతే ఎందరో పేద వాద్యగాళ్ల పేర్లు కూడా లోకానికి తెలిసేవి కావు. ఉత్తరాలు రాసి, ఫొటోలు తెప్పించి, ఎవరు ఎవరి శిష్యుడో అడిగి రాశాడు. పెద్దవాళ్ల చరిత్రలు ఎవరైనా రాస్తారు. సంతల్లో వాయించి కడుపు నింపుకునే అంధుని చరిత్ర రాయడానికి ఓనీల్ పూనుకున్నాడు.

విమర్శలు రాకపోలేదు. ఒకే బాణీ వేరే పేరుతో రెండుసార్లు చేరిందన్నారు. కొన్ని పరదేశపు బాణీలు కలిశాయన్నారు. కొన్ని స్వరాలకు ఎంచుకున్న శ్రుతి సరికాదన్నారు. ఇందులో నిజం ఉంది. పైగా, స్వరం రాసినంతలో వాద్యం మొత్తం కాగితం మీదికి రాదు. మన గమకం ఎలా రాయలేమో, వారి వేళ్ల విరుపులూ అలాగే రాయలేం. అయినా ఉన్నదాన్ని దిద్దుకోవచ్చు. పోయినదాన్ని దిద్దలేం కదా.

ముసలితనంలో ఆయనకు నిరాశ ఎక్కువయింది. కొత్త తరం జాజ్ మోజులో పడింది. తన పుస్తకాలు పెద్దగా అమ్ముడు పోలేదు. 1931లో తన గ్రంథాలయాన్ని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశాడు. 1936 జనవరిలో, 87వ ఏట, చికాగోలో కన్నుమూశాడు. పోయేనాటికి తాను ఎంత పెద్ద పని చేశాడో ఆయనకు తెలియదనే అనుకోవాలి.

తరువాత జరిగినది

1951లో ఐర్లండులో వాద్యగాళ్లు సంఘంగా ఏర్పడి ఊరూరా ఉత్సవాలు, పిల్లలకు తరగతులు మొదలుపెట్టారు. అప్పటికే ఎందరో పల్లె వాద్యగాళ్ల ఇళ్లలో ఓనీల్ సంపుటం ఉండేది. ఆ పుస్తకం అంటే ఏ పుస్తకమని అడగవలసిన పని లేదు, ఓనీల్‌దే. 1968లో తిత్తి సన్నాయి వాద్యగాళ్లు తమకొక సంఘం పెట్టుకున్నారు. అప్పటికి ఆ వాద్యగాళ్లు వందమంది కూడా లేరంటారు. 2017లో యునెస్కో ఆ వాద్య సంప్రదాయాన్ని మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. ఓనీల్ మైనపు సిలిండర్లలో కొన్ని మిల్వాకీ నగరంలో ఒక మిత్రుని వంశీకుల ఇంట్లో భద్రంగా ఉండి, ఈ శతాబ్దం మొదట్లో బయటపడ్డాయి. నూరేళ్ల కిందటి ఆ వాద్యగాళ్లను ఇప్పుడు మనం చెవులారా వినవచ్చు. ఆయన రాసుకున్న జీవితానుభవాలు 2008లో అచ్చయ్యాయి. ట్రాలిబేన్‌లో ఆయన పుట్టిన చోట, వేణువు వాయిస్తున్న ఆయన కంచు విగ్రహం నిలబెట్టారు.

మనం చేయదగినది

పాఠక మిత్రులారా, ఈ కథ చదివి మనకెందుకు ఐర్లండు సంగతి అనుకోవద్దు. మన జానపద గేయాల కోసం నేదునూరి గంగాధరంగారు, ఆచార్య బిరుదురాజు రామరాజుగారు వంటివారు ఊళ్లు పట్టుకు తిరిగారు. వారు అందుకున్నది కొంత. అందనిది మన ఇళ్లలోనే ఉంది. మీ అమ్మగారు పాడిన లాలిపాట, మీ అత్తగారు పాడిన మంగళహారతి, పెళ్లిలో అప్పగింతల పాట, పొలంలో నాట్లు వేస్తూ విన్న పాట, మీ ఊరి డప్పులవారు వాయించే దరువు, ఇవి ఏ పుస్తకంలోనూ లేకపోవచ్చు. మనతోనే ఆఖరు కావచ్చు.

ఓనీల్‌కు స్వరం రాయడం రాదు. రాయగల మిత్రుణ్ణి వెతుక్కున్నాడు. మనకు ఆ కష్టం కూడా లేదు. ఇంట్లో మనవడి చేతిలోనో మనవరాలి చేతిలోనో ఫోను ఉంటుంది. కూర్చోబెట్టి, మీ ఆవిడ చేత పాడించి, రికార్డు చేయమనండి. పాట పాడినవారి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా చెప్పించండి. సాహిత్యం ఒక నోటు పుస్తకంలో రాయండి. గొంతు బాగాలేదని వెనుకాడవద్దు. ఓనీల్ వరసలు ఇచ్చినవారిలో పెద్ద విద్వాంసులు కొద్దిమందే. కానిస్టేబుళ్లు, కూలీలు, ఇల్లాళ్లు ఎక్కువమంది.

ప్రతి నెలా మొదటివారంలో పెన్షను తీసుకోవడానికీ, నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికీ మనం ఎలాగూ కలుస్తాం. అలా కలిసినప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క పాట తెస్తే, వచ్చే ఏడాది ప్రత్యేక సంచికకు మన సంఘం తరఫున ఒక చిన్న పాటల అనుబంధం వేయవచ్చునని నా మనవి. కార్యవర్గం ఆలోచించగలరు. పాటలు చేర్చి సరిచూసే పని నాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాను.